మార్చి అమ్మకాలు

టైరు పేలిన చప్పుడుకి బస్సులో అందరూ ఉలిక్కిపడ్డారు గానీ, ఫరహాకి మాత్రం లోలోపల హమ్మయ్య అనిపించింది, అట్లా అనిపించినందుకు తన మీద తనకే చిరాకేసింది. ఇల్లందు దాటి పట్టుమని పది కిలోమీటర్లు కూడా రాలేదు. స్టెప్నీ దించి చూస్తే దాంట్లోనూ గాలి లేదు. ఇంకో టైరు ఇల్లందు నుంచే రావాలట. "గంట పడ్తది మేడమ్, నీడకు కూసోండి," అని చెప్పేసి, తనకేం సంబంధం లేనట్టు కండక్టరు బీడీ ముట్టించుకుని డ్రైవరు పక్కన గొంతుక్కూర్చున్నాడు. నీడ ఎక్కడుందట, టేకు చెట్లన్నీ ఆకు రాల్చుకుని బోసిగా నిలబడి ఉంటే. బస్సు నీడ కాస్త పడుతున్న చోట, రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ గట్టు మీద, చున్నీ తల మీదికి లాక్కుని కూర్చుంది, ఒళ్లో ఫైలు. మూడూ నలభై. ఐదింటికల్లా తండాలో ఉండాలి. బీడీలకి పోయే తునికాకు కట్టలు కల్లంలో అప్పజెప్పి ఆడవాళ్లు ఆ వేళకి ఇళ్లకి చేరతారు, పన్నెండు మంది, వాళ్లకి కుట్టు నేర్పిన పూలి ఇంటి ముందు చాప పరుచుకుని కూర్చుంటారు, ఫరహా రెండు కాగితాలు తీసి చదువుతుంది, వాళ్లు వేలిముద్రలు వేస్తారు, చిరంజీవి అన్న వ్యాపారంలో వాటాకని తలా పదిహేను వేలు, పన్నెండు పదిహేన్లు లక్షా ఎనభై, అంతే పని. పావుగంట పని. ఆ పావుగంట పనికి పొద్దున్నుంచీ ముద్ద దిగలేదు.

కాగితాల్లో ఉన్నది తను చేసిన లెక్కే. రెండువేల ఎనిమిది ఏప్రిల్ నుంచి రెండువేల తొమ్మిది మార్చి దాకా, అద్దాలంగడి డాట్ కామ్, అమ్మకాలు పదకొండు లక్షల నలభై వేలు, ఖర్చులు పోను లాభం డెబ్భై నాలుగు వేలు. ఒక్క బిల్లు దొంగది కాదు, ఒక్క రసీదు తప్పుది కాదు, ఎవరు ఎక్కడ వేలు పెట్టి అడిగినా కాగితం తీసి చూపించగలదు. అదే బాధ. అబద్ధం రాసి ఉంటే ఎక్కడ కొట్టేయాలో తెలిసేది. చిరంజీవి అన్న చెడ్డవాడైనా బాగుండును, తిట్టుకోవడానికి ఒక ఆసరా దొరికేది. ఖమ్మంలో ఇంటర్నెట్ సెంటర్ నడుపుకునే మనిషి, ఎప్పుడో ఒకసారి తండా వాళ్ల అద్దాల సంచులు చూసి ముచ్చటపడి ఫొటోలు తీసి కంప్యూటర్లో పెట్టాడు, పుణె నుంచి ఎవరో మూడు కొన్నారు, ఇక మనిషి నేల మీద నిలబడితే ఒట్టు. కుట్టుకూలి మాత్రం ఒక్క నెల ఆపలేదు. పోయిన దసరాకి చేతిలో డబ్బు ఆడక భార్య పుష్పలత గాజులు కుదువబెట్టి మరీ ఇచ్చాడు, ఆ గాజులు ఇవాల్టికీ మార్వాడీ దగ్గరే ఉన్నాయి. ఫరహా జీతం ఆరు వేల ఐదు వందలు కూడా ఒకటో తారీకు దాటలేదు. అట్లాంటి మనిషి ఫిబ్రవరిలో ఒక బోర్డు పెట్టాడు వెబ్‌సైటు మీద, తెప్పించుకోండి, చూసుకోండి, నచ్చకపోతే నెల రోజుల్లో వాపసు పంపండి, డబ్బు మొత్తం తిరిగి ఇస్తాం అని. దాంతో మార్చిలో నాలుగు వందల పార్సిళ్లు పోయాయి. అంతకు ముందు ఏ నెలా నూరు దాటి ఎరగరు. పార్సిలు కొరియరు వాడి చేతికి పోగానే కంప్యూటర్లో అమ్మకం రాసెయ్యడం మొదటి నుంచీ ఉన్న పద్ధతి. ముప్పై ఒకటో తారీకు రాత్రితో ఏడాది ముగిసింది, పుస్తకం మూశారు. ఏప్రిల్ మూడో తారీకు నుంచి పార్సిళ్లు తిరుగుముఖం పట్టాయి.

బొగ్గు లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది, ఫైలు మీద నల్లగా పడింది, చున్నీ అంచుతో తుడిచింది, తుడిస్తే ఇంకా పాకింది. నీళ్ల సీసాలో అడుగున రెండు గుక్కలున్నాయి, వేడెక్కి ప్లాస్టిక్ వాసన కొడుతున్నాయి. "వాపస్ వచ్చింది ఏప్రిల్ల గదా, ఏప్రిల్ల రాయి," అన్నాడు మొన్న చిరంజీవి. "మార్చి మార్చే. ఆడిటరు సెప్టెంబర్ల గదా చూసేది, గప్పటికి అన్నీ సర్దుకుంటయ్. నువ్వు పోయి చెప్పు, నువ్వు చెప్తే వాళ్లు నమ్ముతరు." నమ్ముతారు. నెలనెలా కుట్టుకూలి తెచ్చి చేతిలో పెట్టేది తనే కదా, ఒక్క రూపాయి తేడా రాకుండా, చిల్లర లేకపోతే కిరాణా కొట్టులో మార్చి మరీ. నమ్మకం కూడా ఒక్కో రూపాయిగానే జమయింది. ఇవాళ అదంతా ఒక్క దెబ్బకి విత్‌డ్రా చెయ్యమంటున్నాడు, ఆయనకి ఆ సంగతి తెలియదు కూడా, నిజంగానే తెలియదు, ఆయన దృష్టిలో ఇది తండా వాళ్లకి మంచి అవకాశం.

ఫరహా వాళ్ల నాన్న షుకూర్‌కి ఖమ్మం కమాన్ బజారులో బట్టల కొట్టుండేది. గల్లా పైన పెద్ద అక్షరాలతో బోర్డు, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. ఆ బోర్డు కిందే నిలబడి రోజూ ఎవరో ఒకరి దగ్గర వాపసు తీసుకునేవాడు. రంజాన్ నెలలో కొట్టు కిటకిటలాడేది, ఇఫ్తార్ తర్వాత జనం విరగబడేవాళ్లు, దుకాణం కట్టేసే వేళకి గల్లా నిండిపోయేది, అప్పుడు నాన్న నోట్లు లెక్కబెట్టి, నూటికి పది చొప్పున తీసి, పాత బిస్కెట్ డబ్బాలో వేసి మూత పెట్టేవాడు. ఎనిమిదేళ్ల ఫరహాకి అది దాచుకునే డబ్బనుకుని ఆశ, పండక్కి గాజులకేమో అని. "అది ఇంకా మనది కాదు బేటా," అనేవాడు, "ఈద్ అయినంక పది రోజులకు ఏమన్న మిగిల్తే అది మనది." కొలత సరిపోలేదని, రంగు నచ్చలేదని, అత్తగారు వద్దన్నదని, ఈద్ మర్నాటి నుంచి ఒక్కొక్కరూ వచ్చేవాళ్లు, నాన్న గల్లా జోలికి పోకుండా డబ్బాలోంచి తీసి ఇచ్చేవాడు, మొహం మీద నవ్వు చెదరకుండా. ఒక ఏడాది సూరత్ నుంచి ముఖమల్ తాను ఒకటి వచ్చింది, ఎర్రటిది. సాయంత్రం నమాజుకి వజూ చేసుకుని వచ్చి, తడి చేత్తో తాను సర్దాడు, రంగు దిగి అరచెయ్యి ఎర్రబడింది. అప్పటికే సగం తాను అమ్ముడైపోయింది. ఆ రాత్రి నాన్న ఆ ముఖమల్ డబ్బుల్లో నూటికి పది కాదు, మొత్తంలో సగం తీసి డబ్బాలో వేశాడు. ఇంకా ఒక్కరూ వాపసు తేలేదు, ఒక్కరికీ తెలియదు, చెయ్యి చూసుకున్నాడు గనుక ఆయనకి తెలుసు, అంతే. ఎంత తెలిస్తే అంత పక్కన పెట్టాలి. బి.కాం.లో నిర్మలాదేవి మేడమ్ అదే సంగతిని బోర్డు మీద రాసి, వచ్చే నష్టం ముందే తెలిస్తే ఈ ఏడాది లెక్కలోనే రాయాలి, వచ్చే లాభం వచ్చాకే రాయాలి, అని చెబితే, క్లాసులో అందరికంటే ముందు తలూపింది ఫరహాయే. మేడమ్ మెచ్చుకుంది కూడా. ఇప్పుడు ఆ మెప్పు గుర్తొస్తే ఎండ ఇంకాస్త మండుతోంది.

తనకి తెలియదా మరి. తెలియదని ఎవరి దగ్గరైనా అనొచ్చు, ఈ మోరీ గట్టు మీద కూర్చుని తనతో తను అనుకోలేదు. జనవరిలో పూలి కుట్టిన సంచులు నలభై పోతే పదమూడు వాపసు వచ్చాయి, అన్నిట్లోనూ ఒకటే చీటీ, ఒక అద్దం వదులుగా ఉంది, సరుకులో లోపం అని. లోపమా పాడా. పూలి వాళ్లమ్మ కాలం నుంచీ ఆ ఇంటి పద్ధతి అది, సంచి అయినా రవిక అయినా ఆఖరి అద్దానికి సగం కుట్టు వదిలేస్తారు, పూలి దగ్గర నేర్చుకున్న ఆడవాళ్లందరిదీ అదే చెయ్యి. మొట్టమొదటిసారి తండాకి పోయినప్పుడు ఫరహా ఒక సంచి ముచ్చటపడి కొనుక్కుంటే, పూలి దారం ఎక్కించిన సూది చేతిలో పెట్టింది. "ఆఖరి కుట్టు నువ్వు ఎయ్యాలె బిడ్డా." తనకి కుట్టు రాదని, నువ్వే వేసెయ్యమని అంటే, పూలి నవ్వింది. "నేనే ఏస్తే అది నాదే అయితది. నీకు అమ్మినట్టు ఎట్లయితది?" సంతలో, జాతరలో, ఎక్కడ అమ్మినా కొనేవాళ్ల చేత ఆ సగం కుట్టు వేయించి గానీ డబ్బు కొంగున కట్టుకోదట. అద్దం చుట్టూ వంకరటింకరగా నాలుగు పోగులు వేసి, వేలికి సూది గుచ్చుకుని, ఆ సంచి భుజాన తగిలించుకుని ఎంత సంబరంగా తిరిగిందో. పుణె వాళ్లకి, బొంబాయి వాళ్లకి ఆ సంగతి ఎవరు చెప్పాలి. పార్సిల్లో ఒక చీటీ, ఒక సూది పెడదాం అన్నా అని అడిగింది కూడా. "చీటీ పెడితే లోపం ఉన్నదని మనమే ఒప్పుకున్నట్టు గాదా," అన్నాడు చిరంజీవి. పూలిని కుట్టెయ్యమని అడిగితే పూలి ఒప్పుకోలేదు. మధ్యలో ఫరహా నోరు మూసుకుంది, మూసుకుని మార్చిలో నాలుగు వందల పార్సిళ్లకి నాలుగు వందల బిల్లులు కొట్టింది, నలభైకి పదమూడు అంటే దాదాపు మూడింట ఒకటి అని లెక్క తెలిసిన మనిషే కొట్టింది. వచ్చినవి నూట ముప్పై. లెక్క ఎంత చక్కగా సరిపోయిందో చూస్తే ఏడుపొచ్చేంత కోపం వస్తోంది.

నూట ముప్పై పార్సిళ్లు ఇప్పుడు ఇంటర్నెట్ సెంటర్ వెనక గదిలో గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. విప్పితే ఎవరెవరి ఇళ్ల వాసనలో వస్తాయి, సెంటు, పోపు, అగరొత్తి, ఒకదాంట్లో పిల్లి వెంట్రుకలు. సగం మళ్లీ అమ్మడానికి పనికిరావు. అవి పోనీ, పక్కన పెట్టినా, లెక్క ఎటు తిప్పినా ఒకటే వస్తోంది. బస్సు టికెట్ వెనక, ఇల్లందు రాకముందే, బస్సు కుదుపుల మధ్యే వేసి చూసుకుంది. నూట ముప్పై పార్సిళ్ల మీద రాసుకున్న లాభం అరవై ఎనిమిది వేలు లేనే లేదు, పోనూ రానూ కొరియరు ఖర్చు పదిహేను వేల పైచిలుకు, రెండూ తీసేస్తే డెబ్భై నాలుగు వేల లాభం కాస్తా పది వేల నష్టం. టికెట్ మడిచి ఫైలు అట్టలో దోపింది, మళ్లీ తీసింది, మళ్లీ దోపింది. నష్టమున్న దుకాణంలో ఎవరైనా డబ్బు పెడతారా. పైగా ఆ డబ్బు ఎక్కడికి పోతుందో కూడా తెలుసు. వాపసు పంపిన వాళ్లకి ఇవ్వాల్సింది లక్షా ముప్పై ఆరు వేలు, ఇంకా ఇవ్వలేదు, రోజూ ఇరవై ఈమెయిళ్లు వస్తున్నాయి, ఇంగ్లీషులో తిడుతూ. పన్నెండు మంది ఆడవాళ్లు ఆరేళ్ల తునికాకు బోనసు, సంఘంలో వారం వారం వేసుకున్న పొదుపు, అంతా కలిపి తెచ్చి పెడితే, ఆ డబ్బు పుణెకీ బొంబాయికీ పోతుంది, వాళ్లు కుట్టిన సంచులకే తిరుగు డబ్బుగా. ఒక్కదాని మీద పాతిక రూపాయల కూలి తీసుకున్న వాళ్లు వెయ్యేసి కట్టినట్టు. ఈ మాట ఇంత సూటిగా ఇప్పటిదాకా అనుకోలేదు. అనుకున్నాక కూర్చోలేక లేచి నిలబడింది, నిలబడి ఏం చెయ్యాలో తెలియక బస్సు చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చింది, ఒక ముసలాయన ఆమెనే చూస్తూ తమలపాకుకి సున్నం రాసుకుంటున్నాడు.

అయితే ఏం చెయ్యాలి, చెప్పెయ్యాలా. చెప్తే డబ్బు రాదు, రాకపోతే నెల తిరిగేలోగా చిరంజీవి వెబ్‌సైటు మూసేస్తాడు, గాజులు మార్వాడీకే పోతాయి. తండా వాళ్లకి కుట్టుకూలి పోతుంది, ఏడాదిలో నెల రోజులు ఉండే తునికాకు, ఆ తర్వాత మిరప తోటల్లో కూలి, అంతే మిగిలేది. ఆ నష్టం పెద్దదా, ఈ నష్టం పెద్దదా. తన ఆరు వేల ఐదు వందలు పోతాయి, నాన్న కంటి మందులు, తమ్ముడు వసీం పాలిటెక్నిక్. చెప్పకపోతే ఏమో, వచ్చే దసరాకి అమ్మకాలు నిజంగానే లేవొచ్చు, చీటీ పెట్టడానికి చిరంజీవిని ఒప్పించొచ్చు, అప్పుడు పదిహేను వేలు ఇరవై అవుతాయి, అందరూ తననే మెచ్చుకుంటారు. ఎన్నిసార్లు ఈ దారిన పోయి వచ్చిందో, ప్రతిసారీ దసరా దాకా హాయిగా పోతుంది, ఆ తర్వాత దారి కనబడదు. వాటా దరఖాస్తుల్లో వేలిముద్ర పడాల్సిన చోట తనే పెన్సిల్‌తో చిన్న చిన్న టిక్కులు పెట్టింది నిన్న, తడుముకోకుండా ఉంటుందని, వాళ్ల సౌకర్యం కోసమని. చేసే పని శుభ్రంగా చెయ్యడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ అలవాటు మీదే ఇప్పుడు అసహ్యం పుడుతోంది.

"ఏంది బిడ్డా, ఈడ కూసున్నవ్?"

పూలి. వెనకాల మరో ఎనిమిది మంది, తలల మీద ఖాళీ గోతాలు మడిచి పెట్టుకుని, చేతులు తునికాకు పసరుకి నల్లబడి. కల్లం ఈ మలుపులోనే ఉందని ఫరహాకి తెలియదు.

"టైరు పేలింది అక్కా. ఇంకో టైరు రావాలె."

"ఇగ తండా దాంక ఎందుకు? తొమ్మిది మందిమి ఈడనే ఉన్నం గదా. సదువు, ఇంటం," అంటూ పూలి మోరీ గట్టు మీద పక్కనే కూర్చుంది, మిగతావాళ్లు రోడ్డు వారన చతికిలబడ్డారు, ఒకావిడ గోతంతో విసురుకుంటోంది.

ఇంకో గంట ఉందనుకున్నది ఇప్పుడే అయిపోయింది. ఫైలు విప్పింది. చదవడం మొదలుపెట్టింది, గొంతు చాలా బాగా పలికింది, ఆ సంగతే ఆమెని భయపెట్టింది. అమ్మకాలు ఇంత, ఖర్చులు ఇంత, మీకిచ్చిన కుట్టుకూలి ఇంత, లాభం డెబ్భై నాలుగు వేలు. కూలి మాట వచ్చినప్పుడు వాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకుని తలలూపారు, లాభం దగ్గర ఒకావిడ నవ్వింది. ఎవరూ వాపసుల సంగతి అడగలేదు. అడుగుతారని లోపల ఎక్కడో ఆశపడింది, అడిగితే చెప్పేద్దును కదా అని, తప్పు వాళ్ల మీదికి నెట్టే ఆ ఆశ కూడా అడుగంటింది. సిరా డబ్బా మూత తీసింది. పూలి బొటనవేలు అదిమి, నీలంగా అయిన వేలు గాలిలో పట్టుకుని, కాగితం మీదికి వంగింది.

"నీ పేరు ఏడుంది బిడ్డా?"

"నా పేరెందుకు అక్కా?"

"నీ కిందనే ఏస్త. నువ్వు పెట్టినకాడ పెడితె నాకు ధైర్యం." ఆ మాటలో పరీక్ష లేదు, ఎత్తిపొడుపు లేదు. ఎండకి ముడుచుకున్న కళ్లతో కాగితం మీద ఫరహా పేరు కోసం నిజంగానే వెతుకుతోంది. "ఎంత పెట్టినవ్ నువ్వు?"

ఇందాకట్నుంచీ కమాన్ బజారు దాకా, సూరత్ ముఖమల్ దాకా తిరిగిన మనసు ఈ ఒక్క గుమ్మం మాత్రం తొక్కలేదు. ఫిబ్రవరిలో, నెల రోజుల వాపసు బోర్డు పెట్టిన మర్నాడే, చిరంజీవి అడిగాడు, నువ్వు కూడా ఒక ఇరవై వేలు పెట్టరాదు ఫరహా, పార్ట్‌నర్‌వి అయితవ్ అని. పోస్టాఫీసులో ఇరవై రెండు వేలు ఉన్నాయి ఆమెకి. వసీం ఫీజు కట్టాలి అన్నా, అంది. ఫీజు జనవరిలోనే కట్టేసింది. ఎందుకట్లా అన్నానని కూడా అనుకోలేదు అప్పుడు, నోటికి ఆ మాట వచ్చింది, అనేసి టీ తాగింది. చేతికి రంగు అంటింది అప్పుడే. తన డబ్బు వరకు తను జాగ్రత్తగా పక్కన పెట్టేసుకుంది.

"నా పేరు లేదక్కా," అంది. "నేను పెట్టలే."

"పైసల్లేకనా?"

"ఉన్నయ్."

పూలి వంగిన నడుము నిటారుగా చేసుకుంది. వేలి మీద సిరా ఎండిపోతోంది. బస్సు పక్కన డ్రైవరూ కండక్టరూ ఏదో మాట్లాడుకుని నవ్వుకుంటున్నారు. ఫరహా ఆ నవ్వు అయిపోయేదాకా ఆగింది, ఇంక ఆగడానికి ఏమీ మిగల్లేదు.

"మార్చిల నాలుగు వందలు పోయినయ్ అక్కా. నూట ముప్పై వాపస్ వచ్చినయ్. ఈ కాయితంల అది లేదు. వస్తయని నాకు ముందే ఎరుక. మీరు పెట్టే పైసలు వాళ్లకే పోతయ్. పెట్టొద్దు."

పూలి ఆమె మొహంలోకి చూసింది. కోపంగా చూసినా బాగుండేది. తర్వాత బొటనవేలిని పక్కనే ఉన్న రాతికి గట్టిగా, రెండుమూడుసార్లు, చర్మం ఊడేలా రుద్దింది, సిరా పూర్తిగా పోలేదు. రోడ్డు వారన ఉన్నవాళ్ల వైపు తిరిగి లంబాడీలో చెప్పడం మొదలుపెట్టింది, తొందర లేకుండా, ఒక్కో మాటా వాళ్లకి అందేదాకా ఆగుతూ. గోతంతో విసురుకుంటున్నావిడ విసురుకోవడం ఆపింది. ఫరహాకి ఆ భాష ఒక్క ముక్క రాదు. మధ్యలో రెండుసార్లు తన పేరు మాత్రం వినిపించింది.